ఎనిమిది చేవ గుంజలు

బెలిసారియో కనకిరికి కాలు ఒకచోట నిలవదు. కూర్చుంటే మోకాలు ఊపుతాడు, నిలబడితే పక్కన ఏది ఉంటే దాన్ని వేలి కణుపులతో తట్టి చూస్తాడు. చర్చిలో బల్లను తడతాడు, ఎదుటివాడి ఇంటి తలుపును తడతాడు. ఒకసారి ఊరి పెద్దాయన శవపేటికను మోస్తూ దాన్ని కూడా తట్టి, "సెద్రో చెక్క అన్నాడు గానీ, వేరే పలక కొట్టాడు వడ్రంగి" అని పైకే అనేశాడు. ఆ రోజు అతని భార్య సొయిలా సిగ్గుతో చచ్చిపోయింది. అయితే చెక్క విషయంలో అతని మాట తప్పని మా ఉకయాలి నది పొడుగునా ఎవరూ అనలేరు. ఆ వడ్రంగి కూడా అనలేదు, సమాధి దగ్గర తల దించుకుని మూత బిగించాడు.

ఆ తట్టడమే అతనికి కూడు పెట్టింది. పై అడవుల్లో కొట్టిన దుంగల్ని తెప్పలుగా కట్టి నది మీద దిగువకు తోలే ముఠాలు, కట్టేముందు బెలిసారియోని పిలిపించేవి. అతను కత్తి వెన్నుతో దుంగ మీద మూడుసార్లు కొట్టి వినేవాడు. చిన్న పేడు ఒలిచి నాలుక మీద పెట్టుకునేవాడు, కొరికేవాడు, నీళ్లలో పడేసి చూసేవాడు. తర్వాత ఒకటే మాట. "తేలుద్ది." లేదా "మునుగుద్ది." ఎప్పుడైనా "తేలుద్ది గానీ నాలుగు రోజులే, ఆ లోపు చేర్చుకోండి" అనేవాడు. మునిగే దుంగకు అటొకటి ఇటొకటి తేలిక దుంగలు జతచేసి కట్టాలి. దేనికి ఏది జత, ఎన్ని కట్టాలి అనేది కూడా అతనే చెప్పాలి.

కొత్తగా పనిలో చేరినవాళ్లు చెట్టు పేరు పట్టుకుని వాదించేవాళ్లు.

"ఇది మొయెనా కదా దోన్ బెలి? మొయెనా తేలుద్ది కదా?"

"నీళ్లలో పేరు పడేస్తావా, దుంగ పడేస్తావా?" అని కసిరేవాడు.

మా అడవిలో బెండులా తేలిపోయే చెట్టు పక్కనే రాయిలా మునిగే చెట్టు నిలబడి ఉంటుంది. పైకి రెండూ ఒకేలా పచ్చగా కనబడతాయి. నది కొత్తగా పోసిన ఒండ్రు మీద, ఎండ నేరుగా తగిలేచోట మొలిచిన చెట్టుకు ఆత్రం ఎక్కువ. నాలుగేళ్లలో ఇంటిని దాటి పెరుగుతుంది, ఒళ్లంతా గుల్ల. మిట్ట మీద పెద్ద చెట్ల నీడలో పడ్డ విత్తనం వెలుతురు కోసం ఏళ్ల తరబడి కాచుకుని, వెంట్రుకవాసి చొప్పున లావెక్కుతుంది, దాని చెక్క ఇనుమే. ఒకే జాతి చెట్టు కూడా ఏటి ఒడ్డున పెరిగితే తేలుతుంది, గుట్ట మీద పెరిగితే మునుగుతుంది. ఒకే దుంగకు మొదలు మునిగి కొస తేలడం బెలిసారియో ఎన్నిసార్లు చూశాడో. అందుకే పేరు చెప్పి వాదించేవాణ్ణి చూస్తే అతనికి ఒళ్లు మండేది.

ఇరవై నాలుగేళ్ల వయసులో సొయిలాతో కాపురం పెట్టబోయే ముందు అతను మిట్ట అడవిలోకి పోయి ఎనిమిది తవారి గుంజలు కొట్టుకొచ్చాడు. తవారి కొట్టడమంటే మాటలు కాదు. గొడ్డలి ఎగిరి మీదికొస్తుంది, మధ్యాహ్నానికల్లా మొద్దుబారుతుంది. మూడు నెలల్లో రెండు గొడ్డళ్లు విరిగాయి. తెల్లచెక్కంతా చెక్కి పారేసి నడిమి చేవ మాత్రం మిగిల్చాడు. ఒక్కో గుంజ మూడు నిలువుల పొడవు, మోయడానికి నలుగురు కావాలి. దానికి చెద పట్టదు. ఏటా వరదనీళ్లలో నెలల తరబడి నానినా కుళ్లదు. మామూలు చెక్క గుంజ అయితే మూడు నాలుగేళ్లకే మట్టి దగ్గర పుచ్చిపోతుంది.

"మన మనవలు కూడా ఈ గుంజల మీదేసిన ఇంట్లోనే పడుకుంటారు" అన్నాడు పెళ్లికూతురితో. సొయిలా మురిసిపోయింది. ఇక కదలక్కర్లేని ఇల్లు అనుకుంది పాపం.

జరిగింది వేరు. గుంజలు కుళ్లవు కాబట్టి వాటిని వదిలిపోబుద్ధి కాదు, పీకి తీసుకుపోవచ్చు కాబట్టి ఇల్లు వదలడానికి దిగులూ ఉండదు. ముప్పై నాలుగేళ్లలో అవే గుంజల మీద ఏడిళ్లు లేచాయి. నది గట్టు తినేసిందని మూడుసార్లు కదిలారు. పొరుగువాడి పంది గురించి జరిగిన పోట్లాటలో ఒకసారి కదిలారు. మిగిలిన రెండుసార్లు ఊరికే కదిలారు. ఊరికే అంటే నిజంగా ఊరికే. పొద్దున్నే లేచి, ఉడికిన అరటికాయ చేత్తో పట్టుకుని, "పైన వంకలో చేపలు బాగా పడుతున్నాయంట" అనేవాడు. ఆ మాట వినగానే సొయిలా గిన్నెలు సర్దడం మొదలుపెట్టేది. పిల్లలు ముగ్గురూ మూడు ఊళ్లలో పుట్టి, పెద్దవాళ్లై ఎవరి దారి వాళ్లు చూసుకున్నారు. ఏ ఊరు మీది అని ఎవరైనా అడిగితే వాళ్లకు జవాబు దొరకదు.

ఒక్క శాన్ రోకెలో మాత్రం తొమ్మిదేళ్లు నిలిచారు. అప్పట్లో నది ఊరికి చాలా దూరంగా ఉండేది, సొయిలాకు ఇరుగుపొరుగు నచ్చారు, అతనికీ నడుం నొప్పి మొదలైంది. అయినా మనసు ఊరుకోదు కదా. ఇల్లు లేపిన ఏడాదే పెరట్లో ఆరు తోపా మొలకలు లేస్తే, చుట్టూ కలుపు తీసి వాటిని కాపాడుకున్నాడు. తోపా అంటే మా దగ్గర తేలిక చెట్లన్నిటికీ తాత. దాని దుంగను ఒంటరిగా భుజాన వేసుకుని నడవొచ్చు.

"నది వచ్చిన రోజు నా గుంజల్ని మోసేది ఇవే" అని వచ్చినవాళ్లందరికీ చూపించేవాడు.

తెప్పలకని ఎవరు అడిగినా ఇవ్వలేదు. ఏటికేడు అవి లావెక్కుతుంటే అతను పొంగిపోయేవాడు. అందరి దుంగల్నీ తట్టి చూసే మనిషి, వీటిని మాత్రం పోతూ వస్తూ అరచేత్తో నిమిరేవాడు. తోపాను ఐదో ఏడు దాటనివ్వొద్దని నది పొడుగునా చెప్పిందెవరు? ఇతనే. కానీ ఇంట్లో పెరిగిన చెట్టు కదా, దాని వయసు ఎవరు గుర్తుపెట్టుకుంటారు!

ఈ ఏడు వరద తీస్తూ తీస్తూ నది మెడ తిప్పింది. శాన్ రోకె గట్టు మీద పడింది. గట్టు విరిగి నీళ్లలో పడే చప్పుడు వేళాపాళా లేకుండా వినబడేది, అన్నం ముద్ద నోట్లో పెట్టుకునేవాళ్లు చెయ్యి ఆపి వినేవాళ్లు. బెలిసారియో పొద్దున్నే లేచి పెరటి చివర నుంచి గట్టు దాకా అడుగులు వేసి కొలిచేవాడు. మొదటి వారం అరవై అడుగులు. రెండో వారం ముప్పై ఎనిమిది. ఆ తర్వాత మధ్యాహ్నం ఒకసారి, సాయంత్రం ఒకసారి కూడా కొలవడం మొదలుపెట్టాడు. మధ్యలో వచ్చి గుంజల్ని తట్టి వెళ్లేవాడు. పక్కిళ్లవాళ్లు రేకులు విప్పి పడవల్లో వేసుకుని ఒక్కొక్కరే పోతున్నారు. తొమ్మిదేళ్లుగా కుదురుగా ఉన్నట్టు కనబడిన మనిషికి మళ్లీ అరికాళ్లలో దురద మొదలైంది.

"మా అదెలిత ఊరికి పోదాం" అంది సొయిలా. అదెలిత ఆమె చెల్లెలు, అవతలి ఒడ్డున రెండు మలుపుల కింద లోమా సెకాలో ఉంటుంది. "అది మిట్ట. ఈ నది చచ్చినా అక్కడికి ఎక్కదు. అక్కడ ఇల్లేశాక నేను లేవను. ముందే చెప్తన్నా, ఇదే ఆఖరు."

"గుంజలు చేరితే ఎక్కడేసినా ఇల్లే."

"నేనడిగింది గుంజల గురించి కాదు."

"గుంజలు లేకుండా ఇల్లెక్కడే? ఇంకో తవారి కొట్టే సత్తువ నాకుందా? కొట్టడానికి చుట్టుపక్కల తవారి మిగిలిందా? ఇవి పోతే మన పని అయిపోయినట్టే."

ఇద్దరి భయమూ నిజమే, కాకపోతే రెండూ వేరు. ఎనిమిది గుంజలు పోతే ఇక చచ్చేదాకా పుచ్చుకొయ్యల ఇంట్లో బతకాలని అతని భయం. మళ్లీ ఎక్కడో ముక్కూమొహం తెలియని ఊళ్లో పొయ్యి వెలిగించాల్సి వస్తుందేమోనని ఆమె భయం.

తోపాలు కొట్టే ముందురోజు సొయిలా ఎదురుగా కనిపిస్తున్న ఒండ్రు దిబ్బను చూపించింది.

"అక్కడ నాలుగేళ్ల తోపాలున్నాయి. వీటంత లావు లేవు గానీ ఓ ఇరవై కొట్టి కట్టు. ఈ ముసలి చెట్లని నమ్ముకోకు."

"నా చెట్లు నా ఇంట్లో పెట్టుకుని ఆ పుల్లల కోసం పోవాలా? చూడు, కౌగిలించుకుంటే చేతులు కలవట్లా."

"లావుంటే తేల్తాయేంటి? నేనూ లావే, నన్ను కట్టు మరి తెప్పకి."

"నిన్ను కడితే నది మనల్ని వెనక్కి పంపించేస్తది" అని నవ్వాడు.

మర్నాడు గొడ్డలి పట్టాడు. మొదటి చెట్టు మీద దెబ్బ పడగానే చప్పుడు తేడాగా వచ్చింది. తోపా మీద గొడ్డలి వేస్తే బూరుగు దూది మూట మీద వేసినట్టు మెత్తగా దిగిపోవాలి. ఇది 'ఠక్'మంది. పై చెక్క బిగుసుకుపోయి ఉంది. అతను ఆగి, గొడ్డలి అంచు చూసుకుని, మళ్లీ కొట్టాడు. గొడ్డలి నడిమికి చేరగానే లోపల్నుంచి నీళ్లు చిమ్మి అతని చొక్కా తడిపాయి. పుల్లటి వాసన వచ్చింది.

"అమావాస్య రోజులు కదా" అన్నాడు ఎవరూ అడక్కుండానే. అమావాస్య దగ్గర్లో కొట్టిన చెక్క నీళ్లు తాగుతుందని మా వాళ్ల నమ్మకం, గత్యంతరం లేకపోతే తప్ప ఆ రోజుల్లో ఎవరూ చెట్టు జోలికి పోరు. నెపం చంద్రుడి మీదకు నెట్టేయడం ఎంత సులువు! అసలు సంగతి అతనికి తెలియంది కాదు. పిల్లప్పుడు గుల్లగా పెరిగే చెట్టు, వయసు మీరేకొద్దీ పై పొరలు గట్టిగా పేర్చుకుంటుంది, నడిమి భాగం నీరు పట్టి చివుకుతుంది. తొమ్మిదేళ్ల తోపా పేరుకే తోపా. ముఠావాళ్లు అలాంటి దుంగ చూపిస్తే ఒక్క దెబ్బకే చెప్పేసేవాడు. ఆ రోజు పేడు తీసి నాలుక మీద పెట్టుకున్నాడు గానీ, దాన్ని నీళ్లలో పడేసి చూడలేదు. గడ్డిలోకి విసిరేసి రెండో చెట్టు దగ్గరికి నడిచాడు. గట్టు అప్పటికి పదకొండు అడుగుల దూరంలో ఉంది, ఎదురు దిబ్బకు పోయి ఇరవై చెట్లు కొట్టే టైం లేదని తనకు తానే చెప్పుకున్నాడు. టైం ఉంది. ఒక్కపూట పని అది.

ఊళ్లో మిగిలిన నలుగురు మగవాళ్లు వచ్చి సాయం పట్టారు. ఆరు దుంగల్ని పక్కపక్కన పేర్చి ఊడలతో, నైలాన్ తాళ్లతో బిగించారు. వాటి మీద ఎనిమిది గుంజల్నీ ఎక్కించారు. ఒక్కో గుంజ ఎక్కుతుంటే తెప్ప ఒక్కో వేలు దిగింది. ఎనిమిదోది ఎక్కేసరికి దుంగల వీపులు నీళ్లకు సమానమయ్యాయి.

"దోన్ బెలి, తెప్ప కనబడట్లేదే! గుంజలే నీళ్ల మీద నడుస్తున్నట్టున్నాయి" అన్నాడు ఒకడు.

"గట్టు దగ్గర బురద లాగుద్ది. నడి ఏట్లోకి పోతే అదే లేస్తది."

బురద లాగడమేమిటో ఆ నలుగురికీ అర్థం కాలేదు. కానీ తేలేదేదో మునిగేదేదో ముప్పై ఏళ్లుగా చెప్తున్న మనిషి అతను, అతనికే ఎవరు చెప్తారు? చేతులు దులుపుకుని పక్కకు తప్పుకున్నారు.

రేకులు, గిన్నెలు, దోమతెర, నాలుగు కోళ్లు సన్నటి పడవలో ఉన్నాయి. పడవ వెనక పొడుగాటి ఇరుసున్న చిన్న మోటారు, దాని దగ్గర సొయిలా. పడవకు తాడు, తాడు చివర తెప్ప, తెప్ప మీద తెడ్డు పట్టుకుని బెలిసారియో. బయలుదేరి నాలుగు బారలు పోయారో లేదో వెనకాల గట్టు విరిగింది. వాళ్ల వంటింటి నేల, తోపాల మొదళ్లు మట్టితో సహా నీళ్లలోకి జారిపోయాయి. ఇక తిరిగి పోవడానికి చోటు లేదు.

నడి ఏట్లోకి వచ్చాక తెప్ప లేవలేదు. ఇంకాస్త దిగింది. నీళ్లు దుంగల మీదుగా పారి అతని చీలమండల దాకా వచ్చాయి. నీళ్ల మీద తేలే తెప్పను మోటారు లాగగలదు గానీ, నీళ్లలో మునిగి నడిచే తెప్ప నది చెప్పినట్టే వింటుంది. మోటారు గొంతు చించుకుని అరుస్తోంది, పడవ ముక్కు అవతలి ఒడ్డు వైపే ఉంది, వాళ్లు మాత్రం నేరుగా దిగువకు కొట్టుకుపోతున్నారు. మొదటి మలుపు అలాగే దాటిపోయింది. బెలిసారియో తెడ్డు వేస్తూనే ఉన్నాడు. ఒక పక్క తెడ్డేసి ఇంకో పక్కకు పరిగెత్తాడు, మోకాళ్ల మీద కూర్చుని కట్లు బిగించాడు, మళ్లీ లేచాడు. ఎడమ చివరి దుంగ మిగతావాటికంటే ఎక్కువ దిగుతోంది, గుంజలు అటు ఒరుగుతున్నాయి. అప్పుడు వంగి, తొమ్మిదేళ్లలో మొదటిసారి, ఆ దుంగను కణుపులతో తట్టాడు.

నిండు బానను తట్టినట్టు మూగగా పలికింది. తన పని తాను చెయ్యలేదని, తన చెట్లని చెప్పి కళ్లు మూసుకున్నానని ఆ క్షణాన అతనికి తెలిసింది.

రెండో మలుపు తిరిగేసరికి లోమా సెకా కనబడింది. ఎత్తు మిట్ట, మెట్లు తవ్విన గట్టు, రేవులో నాలుగు పడవలు. అదెలిత, ఆమె మొగుడు నెమెసియో రేవులో నిలబడి చేతులూపుతున్నారు. ఊపుతున్న చేతులు కాసేపటికి ఆగిపోయాయి. వస్తున్న పడవ రేవుకు రాకుండా రేవును దాటిపోయేలా ఉందని వాళ్లకూ అర్థమైంది. లోమా సెకా దాటితే సాయంత్రం దాకా దిగడానికి నేల దొరకదు, రెండు పక్కలా నీళ్లలో నిలబడ్డ అడవే.

"తాడు కోసెయ్!" అని అరిచింది సొయిలా.

"ఇంకొంచెం! లాగు, ఇంకొంచెం లాగు!"

"ఎంత లాగినా ఇంతే! కోసెయ్యి, పడవెక్కు!"

అతని చేతిలో కత్తి ఉంది. కొయ్యలేదు. రేవుకూ వాళ్లకూ మధ్య దూరం తగ్గడం మానేసి, రేవే పక్కకు జరిగిపోవడం మొదలైంది. సొయిలా ఒకసారి రేవును చూసింది, ఒకసారి మొగుణ్ణి చూసింది. చేపలు కోసే చాకు తీసి, తన చివర్న ఉన్న తాడును రెండు లాగుళ్లలో తెంపేసింది.

పడవ ఎగిరి ముందుకు దూకింది. కోళ్లు గోల పెట్టాయి. తెప్ప మీద బెలిసారియో ఒక్కడూ, అతని ఎనిమిది గుంజలూ మిగిలారు. తెగిన తాడును చూస్తూ నిలబడిపోయాడు. అంత కోపం అతనికి జన్మలో రాలేదు.

సొయిలా రేవుకు పోలేదు. పడవను గుండ్రంగా తిప్పి తెప్ప పక్కకు తెచ్చింది, మోటారు ఇరుసును నీళ్లలోంచి పైకెత్తి పట్టుకుంది. చప్పుడు తగ్గింది.

"ఎక్కు."

"నా గుంజలు తెంపేశావే! నీ చేత్తో తెంపేశావు!"

"తెంపేశాను. ముప్పై నాలుగేళ్ల కిందటే తెంపాల్సింది. ఏడిళ్లు కట్టావు, ఏడు పెరళ్లలో నేను ఉమారి చెట్టు నాటాను. ఒక్కదాని పండన్నా తిన్నానా నేను? చెప్పు! కాపుకొచ్చే ముందే నీ కాలికి దురద పుట్టుద్ది. నీ గుంజలు కుళ్లవు, అది నీ గొప్ప. అవి కుళ్లవు కాబట్టే నువ్వెక్కడా నిలవవు. కుళ్లే గుంజలుంటే ఇంటిని కనిపెట్టుకునన్నా పడుండేవాడివి."

"సొయిలా..."

"నేనింక ఏడవను కూడా. ఏడ్చి ఏడ్చి విసుగొచ్చింది. వస్తే రా, లేదా వాటితోనే పో. ఒక్కసారే వచ్చాను, రెండోసారి రాను."

ఆమె అన్నంత పనీ చేస్తుందని అతనికి తెలుసు. కాళ్ల కింద గుంజలు ఒకదానికొకటి తగిలి గట్టిగా పలుకుతున్నాయి. తెడ్డు వదిలేశాడు. పడవ దూరం జరగబోతుంటే కాలు చాపాడు, జారాడు, రేకుల మీద బోర్లా పడ్డాడు. ఒక కోడి కట్టిన కాళ్లతోనే అతని వీపు మీదకెక్కి కూర్చుంది. సొయిలా ఇరుసు నీళ్లలోకి దించి మోటారు పెంచింది. ఇప్పుడు పడవ ఏటికి అడ్డంగా, సూటిగా నడిచింది. బెలిసారియో బోర్లా పడుకునే ఏడ్చాడు. దాచుకోలేదు. రెండు గొడ్డళ్లు విరగ్గొట్టుకుని గుంజలు తెచ్చిన ఇరవై నాలుగేళ్ల కుర్రవాడు గుర్తొచ్చి ఏడ్చాడు, ఒక్క చెట్టునైనా తట్టి చూడని ముసలివాడి మీద అసహ్యంతో ఏడ్చాడు.

రేవు దిగువ చివర పడవ ఒడ్డుకు తగిలింది. నెమెసియో నీళ్లలోకి దిగి పడవ ముక్కు పట్టుకున్నాడు. అతనికి పెద్ద పడవ ఉంది, నలభై గుర్రాల మోటారు. పెట్రోలు డబ్బా అప్పటికే చేతిలో ఉంది.

"లే అన్నా, లే! ఇంకా కింది మలుపు తిరగలేదు. నా పడవతో పోతే అరగంటలో పట్టేస్తాం. రెండు ఖాళీ డ్రమ్ములు కడదాం తెప్పకి, లేస్తది. రేవుకి ఎక్కించలేకపోయినా ఏదో ఒక దిబ్బకి కట్టేద్దాం. ఓ నెల నువ్వు దాని దగ్గర కాపలా ఉంటే, నీళ్లు తీశాక మెల్లగా తెచ్చుకోవచ్చు."

అది జరిగే పనే. నెమెసియో మోటారుకు ఆ సత్తా ఉంది. బెలిసారియో లేచి కూర్చుని కింది మలుపు వైపు చూశాడు. గుంజలు ఇంకా కనబడుతున్నాయి, నీళ్ల మీద నల్లగా, గీత గీసినట్టు. అతని మోకాలు ఊగడం మొదలుపెట్టింది. అదెలిత అక్క భుజం పట్టుకుని ఏదో అడుగుతోంది. సొయిలా మొగుడి వైపు చూడకుండా వంగి కోళ్ల కాళ్లకు కట్టిన పీచు విప్పుతోంది. ఆ ముడి అంత గట్టిదేమీ కాదు, అయినా ఆమె వేళ్లకు రావడం లేదు.

"అన్నా, టైం లేదు, దూకు!" అన్నాడు నెమెసియో.

బెలిసారియో దిగాడు. నడుం లోతు నీళ్లలో నెమెసియో పడవ దాకా నడిచాడు. దాని అంచు మీద చెయ్యి వేసి, పెట్రోలు డబ్బా వాసన పీలుస్తూ నిలబడ్డాడు. తెప్ప మలుపు దగ్గరికి చేరుతోంది.

"నెమెసియో" అన్నాడు చివరికి. "మీ ఊళ్లో గుంజలకి ఏం చెట్లున్నాయి?"

"గుంజలకా?" నెమెసియోకి అర్థం కాలేదు. "కపిరోనా ఉంది, వెనక పల్లంలో బోలెడంత. అదేం చెక్కన్నా, నీకు తెలీదా? నాలుగేళ్లకి మట్టి దగ్గర పుచ్చిపోద్ది. నాలుగేళ్లకోసారి గుంజలు మార్చుకుంటా కూర్చుంటావా?"

"మారుస్తాలే" అన్నాడు బెలిసారియో. "ఎక్కడికి పోతాను?"

సొయిలా చేతుల్లో ముడి ఊడింది. కోళ్లు నాలుగూ గట్టెక్కి ఊళ్లోకి పరిగెత్తాయి. ఆమె వాటి వెనకాల మెట్లెక్కుతూ, వెనక్కి తిరక్కుండానే, "రేకులు వంగకుండా పైకి మొయ్యి మరి" అంది.